వాల్వు తిన్న ఎత్తు

పైపుల్లో, మలుపుల్లో, వాల్వుల్లో నీటి బలం ఎంత పోతుందో లెక్కకట్టడం నాకు బాగా వచ్చిన పని. బతుకంతా ఆ పనితోనే అన్నం తిన్నాను. అయినా ఆ లెక్క ఎవరైనా ఎత్తితే నాకు ముందు గుర్తొచ్చేది అంకెలు కావు. ఒక పెద్దమనిషి ఇంటి వసారా, అక్కడ వేసిన విస్తరి, అందులో చేపల పులుసు. ఇన్నేళ్లయినా ఆ రోత పోలేదు.

లెక్క సంగతి కాస్త చెప్పకపోతే నా రోత ఎవరికీ అర్థం కాదు. నీటికి బలమంటే ఎత్తే. ట్యాంకులో నీళ్లు ఎంత ఎత్తున ఉంటే కొళాయిలో అంత జోరుగా పడతాయి. అయితే మధ్యలో పైపు ఊరికే ఉండదు. దాని లోపలి గోడలు నీళ్లను ఒరుసుకుని ఆ ఎత్తులో కొంచెం కొంచెం తినేస్తాయి. పైపు ఎంత పొడుగైతే, ఎంత సన్ననిదైతే అంత తిండి. అది పెద్ద నష్టం. అది కాక పైపు మలుపు తిరిగినచోట, చీలినచోట, వాల్వు పెట్టినచోట నీళ్లు తడబడి సుళ్లు తిరుగుతాయి. అక్కడ ఇంకాస్త పోతుంది. పుస్తకాల్లో వీటిని చిన్న నష్టాలన్నారు. మా ఆఫీసులో చిల్లర నష్టాలనేవాళ్లం. ఆ పేరు పెట్టిన దొర ఎవరో గాని మా జిల్లా ఊళ్లలో పైపు వేసి ఎరగడు.

అరవైల మొదట్లో నేను నెల్లూరు ఇంజనీరు ఆఫీసులో పనులు చూసే ఓవర్సీరుగా చేరాను. అప్పుడు నాకు ఇచ్చిన మొదటి పని విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక ఊరిది. మెరక మీద వరి రైతుల ఊరు. దానికి తూర్పున సరుగుడు తోపులు. తోపులు దాటితే ఇసుకలో చేపలు పట్టేవాళ్ల పాళెం. ఊళ్లో తియ్యటి నీళ్ల బావి ఉంది. పాళెంలో ఎక్కడ తవ్వినా ఉప్పే.

పాళెం ఆడవాళ్లు పొద్దున్నే బిందెలెత్తుకుని ఊరి బావికి రావాలి. వచ్చినా చేద వేయకూడదు. గట్టుకు ఎడంగా బిందెలు వరస పెట్టుకుని నిలబడాలి. ఊరి ఆడవాళ్లలో ఎవరికైనా దయ కలిగి రెండు చేదలు పోస్తే ఆ బిందె ఎత్తుకుని ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లాలి. ఊళ్లో పెళ్లి జరిగితే పోసేవాళ్లుండరు. కోతల రోజుల్లోనూ ఉండరు. వాళ్లు తెచ్చిన చేపలు మాత్రం పెళ్లయినా, కోతలైనా ఊళ్లో ఎవరికీ చేదు కాలేదు.

ఈ బాధ తీర్చడానికే సర్కారు స్కీము. ఊళ్లో ట్యాంకు కట్టి ఊరికి కొళాయిలిచ్చి, ఆఖరున పాళెంలో ఒక కొళాయి నిలబెట్టాలి. నేను నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్సు తీసుకుంటూ పాళెంలో తిరుగుతున్నప్పుడు, ఊళ్లో చేపల గంప దించి వస్తున్న ఒకామె నా పక్కన ఆగింది. యాభై దాటిన మనిషి. మెడ మీద మోత కాయలు కాసి ఉన్నాయి.

"సామీ, ఈ కొళాయి ఎప్పటికి వస్తాది?" అని అడిగింది.

నాలుగైదు నెలలు పడుతుందన్నాను. ఆమె వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

"మా కోడలు పోయిన తూరి నీళ్లు మోస్తా ఇసకలో పడి కడుపు పోగొట్టుకునింది. ఇప్పుడు మళ్లా నెల తప్పింది. దాన్ని ఇంక ఆ బాయి కాడికి పంపను. కొళాయి వస్తాదంటే అందాకా నేనే మోస్తా. రాదంటే ఇప్పుడే చెప్పు సామీ, పిల్లని వాళ్లమ్మ కాడ దించేసి వస్తా."

వస్తుందన్నాను. నా లెక్క మీద నాకు నమ్మకం. పైపు వీధి వెంట నేరుగా దించి, తోపుల మధ్య నుంచి తిన్నగా తీసుకుపోతే, పాళెంలో నేల మీద నాలుగడుగుల ఎత్తు మిగులుతుంది. కొళాయి మూతి మూడడుగుల ఎత్తున ఉంటుంది. చేతిలో ఉన్నది ఒక్క అడుగు. బొటాబొటీయే, కాని చాలు. ట్యాంకు ఇంకాస్త ఎత్తు కట్టమనో, పైపు లావుది వేయమనో అడిగితే మా ఇంజనీరు గారు నశ్యం డబ్బా తీసి, ఎస్టిమేటు ఖాయమైపోయిందనీ, నా ముచ్చట తీర్చడానికి మళ్లీ మంజూరు తెచ్చుకోలేననీ అన్నాడు.

ఇక ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. తెల్లటి పంచె, మెత్తటి మాట. కోపంతో ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. అలాంటివాళ్లంటే నాకు అప్పటి నుంచే భయం. మొదటి రోజే నా భుజం మీద చెయ్యి వేసి, "అబ్బయా, పైపు ఈ వీధెంట తిన్నగా వచ్చి మా గేటుకు ఎదురుగా తగులుతా ఉండాదే. అది వీధిపోటు గాదా?" అన్నాడు.

పైపు నేలలో ఉంటుంది గదా, కనబడదు గదా అన్నాను.

"నేల్లో ఉంటే మాత్రం పోటు పోటే గదా. పక్క సందులో నుంచి తిప్పు."

పక్క సందులో నుంచి తిప్పితే రెండు మలుపులు పోయి నాలుగయ్యాయి. తరువాత గ్రామదేవత రాయి ముందు నుంచి పైపు పోకూడదన్నారు. ఆమె చూపు కింద నుంచి పాళేనికి నీళ్లు పోతే ఊరికి అరిష్టమట. రాయి వెనక నుంచి చుట్టుతిప్పితే ఇంకొన్ని మలుపులు. ప్రతి మలుపుకూ కొంత ఎత్తు పోతుందని చెబితే వాళ్లు నా వైపు జాలిగా చూశారు. నీళ్లకు మలుపు తిరగడం కూడా రాదా అన్నట్టు.

అప్పటికి నాకు చిరాకే గాని రోత పుట్టలేదు. అది ప్రెసిడెంటు ఇంట్లో భోజనం రోజున పుట్టింది. మా ఇంజనీరు పని చూడటానికి వచ్చాడు. వసారాలో మా ఇద్దరికీ, ప్రెసిడెంటుకూ విస్తళ్లు వేశారు. ముందు రోజు వండి ఉంచిన వంజరం పులుసు, మామిడికాయ ముక్కలు వేసింది. ఆ చేప ఆ పాళెం నుంచే వచ్చింది. తెచ్చింది కూడా నాతో మాట్లాడిన ఆ గంప ఆమే. పెరట్లో, పరీక్షకని ముందుగానే నీళ్లిచ్చిన కొత్త కొళాయి దగ్గర పనిమనిషి సాయంత్రం కూరకని ఇంకో చేపకు పొలుసు గీరుతోంది. పొలుసులు నీళ్లలో తేలుకుంటూ వసారా పక్క నుంచే పోతున్నాయి.

ప్రెసిడెంటు తల ముక్క చీకుతూ, "సార్, మా ఊళ్లో అందరిదీ ఒక అనుమానం. మా కొళాయిలూ, పాళెం కొళాయీ ఒకటే పైపు గదా. ఆడ వాళ్లు కొళాయి కాడ చేపలు కడగతారు. ఆ నీచు పైపులో ఎగదన్ని మా నీళ్లలోకి వస్తే ఎట్టా?" అన్నాడు.

నేను తింటున్నవాణ్ణి చెయ్యి ఆపేశాను. పాళెం పల్లంలో ఉంది, ఊరు మెరకలో ఉంది, అక్కడి నీళ్లు ఇక్కడికి ఎక్కవు అని చెప్పాను. "నీరు పల్లమెరుగు అంటారు గదండీ" అన్నాను.

ఆయన నవ్వాడు. "నీరు పల్లమెరుగుద్ది అబ్బయా. వాసనకు పల్లమేంది, మెరకేంది?"

ఆ మాటకు మా ఇంజనీరు కూడా నవ్వి ఇంకో ముక్క వేయించుకున్నాడు. ప్రెసిడెంటు మందు కూడా తనే చెప్పాడు. ఆయన మడి దగ్గర ఆయిలింజను ఉంది. బావిలో దించిన పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. అందులో ఒక రేకు తలుపు. నీళ్లు పైకి వచ్చేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి దిగబోతే మూసుకుంటుంది. "అట్టాంటి వాల్వు ఒకటి పాళెం పైపుకు మా ఊరి పొలిమేరలో పెట్టండి సార్. నీళ్లు పోతాయి, నీచు రాదు. ఎవురికీ బాధ లేదు."

"చిన్న పనే. పెడదాం" అన్నాడు మా ఇంజనీరు, వేలు నాకుతూ.

నాకు చేపలంటే ప్రాణం. నెల్లూరులో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ పూట మాత్రం విస్తరిలో ముక్కను పక్కకు నెట్టేశాను. ఆ చేప ఆ పాళెం మనిషి చేతి నుంచి వచ్చింది, ఆ పెరటి కొళాయి నీళ్లలోనే కడిగారు, దాని నీచు ఆయన వేళ్లకు ఆ క్షణాన అంటుకునే ఉంది. అటువంటి నోటితో ఆ మాట అన్నాడు. మడి కట్టుకుని చేపలు తినని ఇల్లయితే మూఢత్వం అనుకుని ఊరుకునేవాణ్ణి. ఇది మూఢత్వం కూడా కాదు. ఆ మనుషులు గట్టుకు ఎడంగా నిలబడటం వీళ్లకు అలవాటైపోయింది, ఇప్పుడు పైపులో కూడా వాళ్లు ఎడంగా నిలబడాలి.

పైపు మూడంగుళాలది. స్టోరులో మూడంగుళాల నాన్ రిటర్న్ వాల్వు, అంటే ఆ ఒకవైపు తలుపు వాల్వు, లేదు, రెండంగుళాలదే ఉంది. దాన్నే పెట్టమన్నారు. అంటే పైపు అక్కడ పీక నొక్కినట్టు సన్నబడి, వాల్వు దాటాక మళ్లీ లావు కావాలి. సన్నబడ్డచోట నీళ్ల వేగం పెరుగుతుంది. వేగం రెండింతలైతే వాల్వులో నష్టం నాలుగింతలవుతుంది. పైగా ఆ రేకు తలుపును నీళ్లు ఎప్పుడూ నెట్టుకుంటూనే పోవాలి. నేను స్లైడ్ రూలు ముందేసుకుని లెక్క వేశాను. వీధిపోటు మలుపులు, దేవత మలుపులు, సందు చుట్టు తిరిగిన పైపు పొడుగు, వాల్వు, దానికి అటూ ఇటూ సన్నం లావు అతుకులు. అన్నీ కలిపితే నాలుగడుగుల పైమాట. పాళెంలో నేల మీద మిగిలిందే నాలుగడుగులు.

ఆ లెక్క తీసుకుని ఇంజనీరు గారి ముందు నిలబడ్డాను. ఆయన చూడలేదు.

"చిల్లర నష్టాలోయ్ అవి. నూటికి ఐదు కలిపి వదిలెయ్" అన్నాడు.

"పాళేనికి మిగిలింది కూడా చిల్లరే సార్" అన్నాను.

ఆయన నశ్యం పట్టు పీల్చి, తుమ్మి, చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుని, "నువ్వు కొత్త. నీళ్లు వాటి దారి అవే చూసుకుంటాయి. ఊరితో తగువు పెట్టుకుంటే నీ దారి నువ్వు చూసుకోవాలి" అన్నాడు. చదువుకున్నవాడు. నాకంటే ఆ లెక్క బాగా తెలిసినవాడు. ప్రెసిడెంటు కంటే ఆయన మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. తెలియనివాడికి అడ్డం చెప్పగలం, తెలిసి పక్కకు చూసేవాడికి ఏం చెబుతాం?

వాల్వు నెల్లూరు నుంచి బండి మీద వచ్చింది. బిగించే ముందు ప్రెసిడెంటు దాన్ని తన వసారాలో పెట్టించుకున్నాడు. ఊరి పెద్దలంతా వచ్చారు. ఆయన వేలితో రేకు తలుపును ఒకవైపు నుంచి నెట్టి, "ఇట్టా తెరుచుకుంటాది" అనీ, ఇంకో వైపు నుంచి నెట్టి, "అట్టా తెరుచుకోదు" అనీ అందరికీ చూపించాడు. ఒక్కొక్కరూ వచ్చి నెట్టి చూసి తృప్తి పడ్డారు. తరువాత దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. పొలిమేరలో గుంత తవ్వి, దించి, కొబ్బరికాయ కొట్టారు. గ్రామదేవతకు ఏం మొక్కారో తెలియదు గాని, ఆ ఇనుప ముక్కకు మాత్రం మనసారా మొక్కారు. అతుకుల్లో జనపనార కూరి సీసం పోసే మా పనివాళ్లు ఆ ప్రసాదం తిని సంతోషించారు. నేను చెయ్యి చాపలేదు.

నీళ్లు వదిలిన పొద్దున ఊళ్లో కొళాయిలన్నీ బుస్సుమని దూకాయి. పాళెం కొళాయి చుట్టూ ఆడవాళ్లు బిందెలు తోమి తెచ్చి నిలబడ్డారు. గంప ఆమె కోడలు కూడా వచ్చింది. కడుపు అప్పుడప్పుడే బయటపడుతోంది. కొళాయి తిప్పితే ముందు గాలి వచ్చింది. తరువాత కాసేపు దారంలా నీళ్లు. అటు తరువాత బొట్లు. అవీ ఆగిపోయాయి. మా ఇంజనీరు అప్పటికే ఊళ్లో భోజనానికి వెళ్లిపోయాడు. మగవాళ్లు ఒక్కొక్కరే వలల వైపు వెళ్లిపోయారు. నన్ను కొట్టినా బాగుండేది. గంప ఆమె కొళాయి మూతి కింద అరచెయ్యి పెట్టి పడిన తడిని చీరకు తుడుచుకుని, నన్నే ఓదార్చింది.

"వస్తాది లే సామీ. దూరం గదా, నడిచి రావాల గదా."

రాలేదు. మధ్యాహ్నాలు ఊళ్లో కొళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు దారంలా వచ్చేది, ఒక బిందె నిండేలోపు పిల్లలు నిద్రపోయి లేచేవాళ్లు. మిగిలిన పూటల్లో గాలి. వాల్వు తీసేయాలని రాసి పంపాను. జవాబు లేదు. ఒకరోజు నా పూచీ మీద ఫిట్టర్లను తీసుకుని పొలిమేరకు పోయాను. ప్రెసిడెంటు వాల్వు గుంత మీద నులకమంచం వేయించి ఇద్దరు పాలేర్లను కూర్చోబెట్టాడు. వాళ్లు మంచం మీద నుంచి లేవలేదు. కోపంగా కూడా చూడలేదు. "అయ్య కూకోమన్నాడండి" అన్నారు, అంతే. ఆ వారంలోనే నన్ను వెంకటాచలం అనే ఊరి వైపు వేరే పనికి వేశారు.

మళ్లీ నేను ఆ పాళెం చూసింది ఇంజనీరు గారి వెంట తనిఖీకి వెళ్లినప్పుడు. ప్రెసిడెంటు కూడా మాతో వచ్చాడు. తోపు దాటగానే కొళాయి కోసం చూశాను. మేము నిలబెట్టిన సిమెంటు దిమ్మె ఉంది గాని దాని మీద కొళాయి లేదు. పక్కనే ఒక గుంట. ఇసుక జారకుండా చుట్టూ పాత పడవ చెక్కలు పాతారు. అడుగున పైపు అతుకు, దానికి కిందికి వంచి బిగించిన కొళాయి. అతుకు దగ్గర కారుతుంటే నీళ్ల కోసం చుట్టూ తవ్వారట. తవ్వేకొద్దీ బాగా వచ్చాయట. అందుకని ఇంకా తవ్వి కొళాయినే కిందికి దించుకున్నారు. మనిషి దిగితే నడుము దాకా వచ్చే లోతు. నేల మీద మిగలని ఎత్తును వాళ్లు నేల కిందికి దిగి తెచ్చుకున్నారు.

గుంటలో ఉన్నది గంప ఆమె కోడలు. నెలలు నిండాయి. బిందె నిండింది గాని, గుంట చుట్టూ మేము చేరేసరికి సిగ్గుపడి పైకి రావడం మానేసి, కొంగు లాక్కుని తల దించుకుని కూర్చుంది. అత్త పైన నిలబడి ఉంది.

"నీళ్లు వస్తున్నాయా?" అని మా ఇంజనీరు అడిగాడు.

"వస్తుండాయి సామీ. దిగితే వస్తుండాయి."

ఆయన నా వైపు తిరిగి, "చూశావా? నీ లెక్కలన్నీ నమ్మి ఉంటే ఈ స్కీమే ఉండేది కాదు" అన్నాడు. ముఖంలో నిజమైన ఆనందం. నిండు చూలాలు గుంటలో కూర్చుని ఉంటే ఆయనకు కొళాయి ఒక్కటే కనబడింది.

ప్రెసిడెంటు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని గుంటలోకి తొంగిచూశాడు. "సార్, ఇది చూస్తుంటే నాకు కొత్త బయం పట్టుకునింది. ఈ గుంటలో మురికి నిలస్తాది. కొళాయి తిప్పి వదిలేస్తే ఆ మురికి పైపులోకి పీలుస్తాది. ఒక్క వాల్వు చాలదు. ఇంకోటి ఏయించండి."

ఆ భయంలో కొంచెం నిజం ఉంది. బలం లేని పైపులోకి గుంటలో మురికి పోవచ్చు. అయితే ఆ నీళ్లు తాగేది గుంట పక్కన ఉన్నవాళ్లు. ఆ సంగతి అక్కడ ఉన్న పెద్దమనుషులిద్దరికీ తట్టలేదు. "వేద్దాం. స్టోరులో ఇంకొకటి ఉందిగా?" అని మా ఇంజనీరు నన్నడిగాడు.

నాకు నోట్లో చేదు ఊరింది. ఉమ్మేద్దామన్నంత రోత. "ఉంది సార్. పెడదాం. పాళెం వాళ్లను ఇంకో అడుగు తవ్వుకోమని చెబుదాం" అన్నాను.

ఎత్తిపొడుస్తున్నానని వాళ్లకు తెలియాలని గట్టిగానే అన్నాను. మా ఇంజనీరు తల ఊపాడు. ప్రెసిడెంటు, "అట్నే చెప్పబ్బయా" అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ తోపు వైపు నడిచారు. ఊళ్లో భోజనం సిద్ధంగా ఉంది.

అత్త వంగి ముందు బిందె అందుకుంది. తరువాత కోడలి రెండు చేతులూ పట్టుకుని లాగింది. ఆ పిల్ల మోకాలు చెక్కకు ఆనించి, కడుపు ఒక పక్కకు తిప్పుకుని, ఆయాసపడుతూ పైకి వచ్చింది. ఆమెను ఇసుకలో కూర్చోబెట్టి గంప ఆమె నా దగ్గరకు వచ్చింది. కోపం లేదు. ఆఫీసరు చెప్పిన పనిని సరిగ్గా అర్థం చేసుకోవాలన్న జాగ్రత్త మాత్రం ఉంది.

"సామీ, అడుగు చాలునా? కోడలు నీళ్లాడినాక నాకు ఇంక తవ్వే తీరిక ఉండదు. మగోళ్లు వేటకు పోతారు. తవ్వేదేదో ఇప్పుడే తవ్వేసుకుంటాం. రెండడుగులు తవ్వితే మేలా?"

లెక్క ప్రకారం అడుగు చాలు. నేను తోపు వైపు చూశాను. ప్రెసిడెంటు మా ఇంజనీరు భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నాడు.

"రెండు తవ్వుకోమ్మా" అన్నాను.